మాసిన ఛాయాచిత్రం – పరిష్కర్త ధర్మం

గోదావరి సముద్రంలో కలిసే చోట, గౌతమీ వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన పచ్చని నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏ పాత ఇంటి వసారాలో నిలిచి తలెత్తి చూసినా గోడకు వరుసగా వేలాడే పటాలు కనిపిస్తాయి. దేవుళ్ళ పటాలకు పక్కనే తాతముత్తాతల పటాలుంటాయి. కొన్నింటి మీద ఎండిన గంధపు బొట్టు, కొన్నింటికి వాడని కాగితపు పూలదండ. ఆ ముఖాలలో కొన్ని స్పష్టంగా ఉంటాయి. మరికొన్ని పొగమంచు వెనుక నిలిచినట్లు మసకగా ఉంటాయి. రాజుల వంశచరిత్రను శాసనాలు చెబుతాయి. కవుల చరిత్రను కావ్యావతారికలు చెబుతాయి. సామాన్య కుటుంబానికి అటువంటి ఆధారాలేవీ ఉండవు. దాని చరిత్ర గ్రంథమల్లా ఆ నాలుగు పటాలే. ఆ గ్రంథం చెడిపోతే దాన్ని ఎలా రక్షించుకోవాలి, రక్షించే పేరుతో ఏమి చేయకూడదు అన్న విషయాలను ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడి ఛాయాచిత్రాలు త్వరగా చెడిపోవడానికి కారణం ఈ నేల స్వభావంలోనే ఉంది. ఫొటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే పలుచని పొర. జంతువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసే ఈ పదార్థం తేమ తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, జిగురుగా మారుతుంది. గాలిలో తేమ 65 శాతాన్ని మించి చాలాకాలం నిలిచి ఉంటే దానిపై బూజు పెరుగుతుంది. కాలువలు, చెరువులు, కొబ్బరితోటల మధ్య ఉన్న ఇళ్ళలో వానకాలం పొడవునా ఇదే పరిస్థితి. అద్దం బిగించిన పటంలోకి తేమ చేరితే బొమ్మ అద్దానికే అతుక్కుపోతుంది. ఇది నిదానంగా జరిగే నష్టం. వరదలు, తుపానులు చేసే నష్టం ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరి లంక గ్రామాలను ముంచెత్తింది. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను నేలకూల్చింది. 2022 జూలైలో మరల 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పారింది. ఇటువంటి విపత్తులు వచ్చినప్పుడు కూలిన ఇళ్ళను, పోయిన పశువులను, మునిగిన పంటలను అధికారులు లెక్కగడతారు. ట్రంకుపెట్టెలో తడిసి ముద్దయిన పెళ్ళి ఫొటోలు ఏ నష్టాల జాబితాలోనూ చేరవు.

ఛాయాచిత్రాల సంరక్షణలో కూడా కలిమిలేముల భేదం ఉన్నది. హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన రాజభవనాలు, దర్బారులు, వేటల చిత్రాల గాజు నెగెటివులు రెండువేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వాటిని కాపాడడానికి నిపుణులున్నారు, చల్లని గదులున్నాయి. బండారులంకలో మగ్గం నేసిన తాతగారి ఫొటోకు, అంతర్వేది తీరంలో వల వేసిన ముత్తాతగారి ఫొటోకు ఆ భాగ్యం లేదు. వాటికి ఇంటివారే నిపుణులు, ఇనుప పెట్టెయే భద్రాలయం.

అంతేకాదు, పేద ఇళ్ళలో ఒక మనిషికి జీవితం మొత్తం మీద ఒకటి రెండు ఫొటోలకు మించి ఉండేవి కావు. పురుషుడు ఉద్యోగానికో, ప్రయాణానికో ఫొటో తీయించుకొనేవాడు. స్త్రీకి పెళ్ళి ఫొటో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. 1993లో ఎన్నికల సంఘం ఓటర్లకు ఫొటో గుర్తింపుకార్డులు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాతనే తమ మొదటి ఫొటో తీయించుకొన్న వృద్ధస్త్రీలు మన పల్లెలలో ఉన్నారు. బడి వరండాలో వరుసలో నిలబడి, క్షణంలో తీయించుకొన్న ఆ ఫొటోయే వారికి ఆఖరి ఫొటో కూడా అయింది. వారు కన్నుమూసిన తరువాత కుటుంబసభ్యులు గోరంత ఉన్న ఆ మసక బొమ్మను పట్టుకొని, పటం కట్టించడానికి స్టూడియోకు పోయేవారు. కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపని చేసి ఏళ్ళ తరబడి సంసారాన్ని పోషించిన తల్లుల విషయంలో పాస్‌పోర్టు మీది బొమ్మ తప్ప మరేదీ మిగలని ఇళ్ళూ ఉన్నాయి. ఇటువంటి చోట ఒక్క ఫొటో పోవడమంటే ఆ మనిషి రూపం లోకం నుంచి పూర్తిగా తొలగిపోవడమే.

కాలం మారింది. స్కానర్లు పట్టణాలలోని ప్రతి స్టూడియోలోనూ ఉన్నాయి. చేతిలోని ఫోనుతోనే పాత ఫొటోను చిత్రించి, గీతలు తుడిచి, రంగులు సరిచేయగల సాధనాలు వచ్చాయి. కృత్రిమ మేధతో పనిచేసే కొన్ని సాధనాలు రెప్పపాటులో మసక ముఖాన్ని నిగనిగలాడే ముఖంగా మార్చి చూపుతున్నాయి. సహజంగానే ఇంటిలోని పెద్దలు ఆ పాత ఫొటోను మీ వంటి యువతీయువకుల చేతికిచ్చి, "ఇది కాస్త బాగుచేసి పెట్టు నాయనా" అంటారు. ఆ మాటతో వారు మీ చేతికి ఇస్తున్నది ఒక కాగితం ముక్క కాదు, ఒక మూలగ్రంథం. దాన్ని చేపట్టిన క్షణం నుంచి మీరు పరిష్కర్తలవుతారు. పరిష్కర్తకు కొన్ని ధర్మాలున్నాయి. వాటిని మన ప్రాచీన సాహిత్యం నుంచే నేర్చుకోవచ్చునని నా అభిప్రాయం.

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలన్నీ తాటాకుల మీదనే బ్రతికాయి. తాటాకుకు కూడా ఫొటోకు ఉన్న శత్రువులే – తేమ, పురుగు, నిప్పు, మనిషి అజాగ్రత్త. శిథిలమైన ప్రతి నుంచి కొత్త ప్రతికి ఎత్తి రాసేవారు. రాసేటప్పుడు కొందరు తెలియక తప్పులు చేశారు. మరికొందరు తెలిసే తమ పద్యాలను చేర్చారు. వీటినే ప్రక్షిప్తాలు అంటాము. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులను సేకరించి, వాటిని పోల్చి చూసి, శుద్ధప్రతులను సిద్ధం చేయించాడు. ఆకు విరిగి అక్షరాలు పోయిన చోటును పండితులు "గ్రంథపాతం" అని గుర్తించారు. ఇక్కడ కొంత పోయింది అని చెప్పడం వారికి నామోషీ అనిపించలేదు. పూనాలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరం 1919లో ప్రారంభించి 1966లో పూర్తిచేసిన సంస్కృత మహాభారత పరిష్కరణలో, పాఠం నిశ్చయంగా తేలని చోట అక్షరాల కింద అలలాంటి గీత గీశారు. చదువరికి ఆ గీత "ఇది మా ఊహ, ఇది నిశ్చయం కాదు" అని చెబుతుంది. ఫొటోను బాగుచేసేవారికి కావలసిన నిజాయితీ ఆ గీతలో ఉంది.

ఇంకొక ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. కోనసీమకు ఎగువన ఉన్న రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ ఆంధ్రమహాభారతాన్ని ఆరంభించి అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించాడు. నన్నయ శైలి తోచేటట్లుగా రాశాడు, రాజరాజనరేంద్రుణ్ణే సంబోధించాడు. అయితే పూరించినది తానేనని పర్వాంతంలో స్పష్టంగా చెప్పాడు. నన్నయ ఎక్కడ ఆగాడో, ఎఱ్ఱన ఎక్కడ మొదలుపెట్టాడో నేటి విద్యార్థికి కూడా తెలుసు. పూరించడం దోషం కాదు; పూరించిన సంగతి దాచడం దోషం. మాసిన ఫొటో విషయంలో నేను చెప్పదలచిన సిద్ధాంతం ఇదే.

ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో చూద్దాం. మొదటి మెట్టు మూలప్రతి రక్షణ. తడిసిన ఫొటోలను ఒకదానిపై ఒకటి ఉంచి ఆరనిస్తే అవి ఒకే ముద్దగా అతుక్కుపోతాయి. తడి ఆరకముందే వాటిని మెల్లగా విడదీసి, బురద ఉంటే చల్లని శుభ్రమైన నీటిలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేటట్లు శుభ్రమైన గుడ్డమీద నీడన ఆరబెట్టాలి. బొమ్మవైపు వేలితో రుద్దకూడదు, ఎండలో పెట్టకూడదు. ఇంటి ప్రింటరులో సిరాతో ముద్రించిన ఫొటోలను నీటిలో ముంచరాదు, సిరా కరిగిపోతుంది. మరీ పాతకాలపు ఫొటోలను నిపుణులకు చూపనిదే కడగరాదు. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను బలవంతంగా పీకితే ముఖం అద్దం మీదనే మిగిలిపోతుంది. దాన్ని అద్దంతో సహా స్కానరుపై ఉంచి ప్రతి తీయడమే క్షేమం. పాత ఫొటోకు లామినేషన్ చేయించడం కూడా మంచిది కాదు. ఆ వేడికి, జిగురుకు చెడిన దాన్ని తిరిగి బాగుచేయలేము.

రెండవ మెట్టు ఉన్నదాన్ని ఉన్నట్లుగా ప్రతి తీయడం. సాధారణమైన నాలుగు అంగుళాల, ఆరు అంగుళాల ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 86 లక్షల చుక్కలతో బొమ్మ తయారవుతుంది. ఇంటి అవసరాలకు అది చాలు. పాస్‌పోర్టు సైజు ఫొటోకు మాత్రం ఇంకా సూక్ష్మత కావాలి. దాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున తీస్తే రెండు లక్షల చుక్కలే వస్తాయి. 1200 చొప్పున తీస్తే దాదాపు 35 లక్షలు వస్తాయి. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల పద్ధతిలోనే స్కాన్ చేయాలి. మరక ఒక రంగు, బొమ్మ ఒక రంగు అయినప్పుడు వాటిని వేరుచేయడం తేలిక. మొదటి ప్రతిని టిఫ్ రూపంలో భద్రపరచడం మంచిది. జేపెగ్ రూపంలో మార్పు చేసి దాచిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. ఈ మొదటి ప్రతి మీద ఏ మార్పూ చేయకూడదు. చేసే దిద్దుబాట్లన్నీ దాని నకలు మీదనే చేయాలి. నెగెటివు దొరికితే ఫొటోకంటె దాన్నే స్కాన్ చేయడం మేలు.

మూడవ మెట్టు దిద్దుబాటు. ఇక్కడ మసక అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు దోషాలు దాగి ఉన్నాయని గ్రహించాలి. వెలుగుకు, కాలానికి రంగు వెలిసిపోవడం మొదటిది. ఇందులో బొమ్మ పోలేదు, బలహీనపడింది. వెలుగునీడల తేడాను పెంచితే చాలావరకు తిరిగి కనిపిస్తుంది. గీతలు, మరకలు, బూజు చుక్కలు రెండవది. చిన్నవాటిని పక్కనున్న భాగాన్ని బట్టి పూడ్చవచ్చు. గోడ మీదనో, చీర మీదనో ఉన్న గీతను పూడ్చడం వల్ల సత్యానికి హాని లేదు. తీసేటప్పుడే కెమెరా కదలడం వల్లనో, దృష్టి కుదరకపోవడం వల్లనో అలుక్కుపోయిన బొమ్మ మూడవది. అన్నిటికంటె కష్టమైనది ఇదే. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ దూరదర్శిని అద్దంలో లోపం ఉన్నందువల్ల మొదట మసక బొమ్మలే వచ్చాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు దాన్ని సరిచేసేవరకు శాస్త్రవేత్తలు గణితం సహాయంతో ఆ బొమ్మలకు కొంత స్పష్టత తెచ్చారు. ఆ లోపం స్వరూపం వారికి కచ్చితంగా తెలుసు గనుక అది సాధ్యమయింది. ఏనాడో పెళ్ళిపందిరిలో ఎవరి చేయి ఎటు కదిలిందో మనకు తెలియదు. అందువల్ల అటువంటి ఫొటోను కొంత తేటపరచగలమే కాని, దానిలో నమోదు కాని కనుబొమలను, పెదవుల గీతలను వెలికితీయలేము. లేనిదాన్ని వెలికితీయడం ఎవరికీ సాధ్యం కాదు.

కృత్రిమ మేధ వెలికితీయదు, ఊహిస్తుంది. అది అంతకుముందు చూసిన అనేక వేల ముఖాల నుంచి, ఈ మసకకు సరిపోయే ఒక ముఖాన్ని అల్లి అతికిస్తుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన పల్స్ అనే సాధనానికి, మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా ఫొటోను ముతక చుక్కలుగా మార్చి ఇస్తే, అది ఒక శ్వేతజాతీయుని స్పష్టమైన ముఖాన్ని తయారుచేసి ఇచ్చింది. ఒబామా ముఖం ప్రపంచానికంతటికీ తెలుసు గనుక ఆ పొరపాటు వెంటనే పట్టుబడింది. మన ముత్తవ్వ ముఖం ఎంతమందికి తెలుసు? ఆమెను కళ్ళారా చూసినవారు ఇంటిలో ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. వారూ వెళ్ళిపోయిన తరువాత గోడమీది ఆ నిగనిగలాడే పరాయి స్త్రీయే మన ముత్తవ్వ అయిపోతుంది. సాహిత్యంలో దీనిని ప్రక్షిప్తం అంటే, కుటుంబ చరిత్రలో కూడా అదే మాట అనవలసి ఉంటుంది.

ఇందులో మరొక హాని కూడా ఉంది. బాగుచేయడం అంటే తెల్లబరచడం అనే అపోహ మనలో బలంగా నాటుకొని ఉంది. యంత్రం రాకముందే కుంచెతో దిద్దే రోజులలో కూడా చామనఛాయ ముఖాలకు తెలుపు పూసేవారు. నేటి ఫోన్లలోని సొగసు సాధనాలు అడగకుండానే ఆ పని చేస్తున్నాయి. ఎండలో నాట్లు వేసిన ఒంటి రంగును, నడివయసుకే ముడతలు పడిన నుదుటిని, పొగాకు చుట్టకు నల్లబడిన పెదవిని తుడిచివేస్తే మిగిలేది అందం కాదు, అబద్ధం. ఆ ముడతలు వారి కష్టానికి సాక్ష్యాలు. వాటిని చెరపడానికి మనకు అధికారం లేదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. "తల్లిని పోగొట్టుకొన్న కొడుకు నిండైన రూపాన్ని గోడమీద చూసుకోవాలనుకొంటాడు. పట్టుచీర కట్టని తల్లికి ఫొటోలోనైనా పట్టుచీర కట్టించాలనుకొంటాడు. అతనికి పాఠపరిష్కరణ సూత్రాలు చెప్పడం కఠినత్వం కాదా?" అని. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఓటరు కార్డు మీది తలను తీసి, వేరొక దేహానికి అతికించి, వెనుక పూలతోటను చేర్చి పటం కట్టడం మన స్టూడియోలలో ఎంతోకాలంగా ఉన్న ఆచారమే. అది ప్రేమ నుంచి పుట్టిన ఆచారం. దాన్ని నేను తప్పుపట్టను. ఆ పటం కావ్యం వంటిది. కావ్యానికి అలంకారం ఉంటుంది. కాని అసలు కార్డు శాసనం వంటిది. శాసనాన్ని చెక్కి దిద్దకూడదు. పటం కట్టించుకోండి, పూజించుకోండి. దాని వెనుక "ఇది ఓటరు కార్డు ఫొటో నుంచి తయారుచేయించినది, చీర, తోట కల్పితాలు" అని ఒక్క వాక్యం రాయండి. అసలు ప్రతిని, దాని స్కానును వేరుగా భద్రపరచండి. ఎఱ్ఱన చూపిన మార్గం ఇదే. మనమలు ఏది పూజించాలో, ఏది నమ్మాలో వారికి తెలుస్తుంది.

ఇంతవరకు ముఖాల గురించి చెప్పాను. ముఖానికి తోడు పేరు కూడా నిలవాలి. ఎంత స్పష్టమైన ఫొటో అయినా అందులో ఉన్నది ఎవరో చెప్పేవారు లేకపోతే అది అనామకుల గుంపు మాత్రమే. బూజు ఫొటోను తినడానికి పదేళ్ళు పట్టవచ్చు. పేర్లు మాత్రం ఒక్క వృద్ధురాలి మరణంతో పోతాయి. కాబట్టి స్కానరుకు ముందు నానమ్మ దగ్గర కూర్చోవాలి. ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఏ సందర్భం, ఏ వరదకు ముందు, ఏ పెళ్ళికి తరువాత అని అడగాలి. చెప్పినది మెత్తని పెన్సిలుతో ఫొటో వెనుక అంచున రాయాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముఖంవైపు గాడి పడుతుంది. స్కాన్ ప్రతికి కూడా ఆ పేర్లనే పెట్టాలి. ఆమె గుర్తుపట్టలేని చోట "తెలియదు" అని రాయాలి. అదే మన గ్రంథపాతం.

ఈ పని ఒక్కొక్క ఇంటివారు విడిగా చేయడం కష్టం. కలిసి చేయడం సులభం. 2011 మార్చి 11న జపానును సునామీ ముంచెత్తిన తరువాత శిథిలాలలో దొరికిన ఫొటోలను స్వచ్ఛంద సేవకులు ఏరి, కడిగి, ఆరబెట్టి, సొంతదారులు వచ్చి గుర్తించేందుకు వీలుగా ప్రదర్శించారు. యమమోతో అనే ఒక్క చిన్న పట్టణంలోనే 7 లక్షలకు పైగా ఫొటోలను ఈ విధంగా సేకరించారు. ఇల్లూవాకిలీ పోయినవారు మొదట వెతుక్కొన్న వాటిలో ఫొటోలు ఉన్నాయంటే వాటి విలువ అర్థమవుతుంది. మన జూనియర్ కళాశాలలలో జాతీయ సేవా పథకం ఉంది. గోదావరికి వరదలు జూలై నుంచి సెప్టెంబరు వరకు వస్తాయి. అంతకుముందే, వేసవిలో, లంక గ్రామాలలో శిబిరాలు పెట్టి, ఇంటింటి ఫొటోలను ఇంటివారి ఎదుటనే స్కాన్ చేసి, పేర్లు నమోదు చేసి, అసలు ఫొటోలను వెంటనే తిరిగి ఇచ్చివేయవచ్చు. ప్రతులను ఇంటివారికే అప్పగించాలి. వారి అనుమతి లేనిదే ఎవరికీ చూపరాదు. మొక్కలు నాటడం, రోడ్లు శుభ్రం చేయడం వంటి సేవలకు ఇది ఏమాత్రం తీసిపోదు.

వచ్చే వరదను మనం ఆపలేకపోవచ్చు. అది వచ్చేలోపల ఏమి భద్రపరచుకోవాలో నిర్ణయించుకోగలం. ఆ పనిలో యంత్రాల సహాయం తీసుకోవలసిందే. యంత్రం ఇచ్చిన ముఖాన్ని మాత్రం మన వారిదిగా ఒప్పుకోకూడదు. పెద్దలు మన చేతికిచ్చినది మసకగా ఉంటే మసకగానే, పేర్లతో సహా, తరువాతి తరానికి అందిద్దాం. పూర్వుల పట్ల మనకున్న ఋణాన్ని తీర్చుకొనే మార్గాలలో ఇదీ ఒకటి.

అభ్యాసం

1. కోనసీమలో కుటుంబ ఛాయాచిత్రాలు త్వరగా చెడిపోవడానికి గల కారణాలను వివరించండి.
2. తాళపత్ర గ్రంథ పరిష్కరణకు, ఫొటో దిద్దుబాటుకు రచయిత చూపిన పోలికలను సమీక్షించండి.
3. "పూరించడం దోషం కాదు, పూరించిన సంగతి దాచడం దోషం" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మసక అనే మాట కింద దాగి ఉన్న మూడు దోషాలు ఏవి?
5. మీ ఇంటిలోని ఒక పాత ఫొటోలో ఉన్నవారి వివరాలను పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.